పోశమ్మకు గుజరాతీ రాదు

మా వాడలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరు రాజమల్లు, ఇంకొకరు మా అన్న లింగమూర్తి. ఆ ఏప్రిల్‌లో రాజమల్లును కరోనా తీసుకుపోయింది. ఇక మిగిలింది మా అన్న ఒక్కడే.

మిగతా అందరం సూరత్ భేస్తాన్‌లో సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాళ్లమో, బడి మొహం చూడకముందే సిరిసిల్ల నుంచి అమ్మానాన్నల వెంట రైలెక్కినవాళ్లమో. పిల్లలకు గుజరాతీ వచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషు ముక్కలు కూడా వచ్చు. తెలుగు మాట్లాడతారు గానీ రాసి చూపిస్తే జిలేబీలను చూసినట్టు చూస్తారు. అన్నను మాత్రం అమ్మమ్మ దగ్గర ఉంచి ఏడో తరగతి దాకా చదివించారు. నన్ను కండెలు చుట్టడానికి సూరత్ తెచ్చారు. ఊరి నుంచి పెళ్లిపత్రిక వచ్చినా, భూమి కాగితం వచ్చినా వాడంతా మా అన్న గుమ్మం ముందు నిలబడాల్సిందే. ఆయన కళ్లజోడు తుడుచుకుని చదువుతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో! సొంత అన్న మరి. దాచుకోవడం ఎందుకు, చాలా గర్వంగా ఉండేది.

మా ఆయన రాజలింగం ఆ అన్న ఖాతాలోనే జాబర్. ఖాతా అంటే పెద్ద మిల్లేమీ కాదు, రేకుల షెడ్డు కింద ఆరు సాంచాలు. ఏ సాంచా మొరాయించినా, ఏ బీము మీద పడుగు పోగులు తెగినా ఆయన వేళ్లు పడితేనే మళ్లీ కదిలేది. మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు బందై, వాడ సగం ఊరికి పోయినప్పుడు మేము పోలేదు. ఆయన పాత సామాన్ల దుకాణంలో పెట్రోలుతో నడిచే కోత మిషిన్ ఒకటి కొని, విప్పి బాగుచేసుకుని, చెట్లు కొట్టే పనికి పోయాడు. ఆ కాలంలో మాకు నాలుగు మెతుకులు ఆ మిషినే పెట్టింది.

మరుసటి ఏప్రిల్‌కి శ్మశానాల్లో కట్టెలు చాలలేదు. కట్టెల డిపోవాళ్లు ఆయన్ను పొద్దున తీసుకుపోతే పొద్దుగూకాక దింపేవారు. ఒళ్లంతా రంపపు పొట్టుతో వచ్చి, వాడ మొదట్లోనే డ్రమ్ము నీళ్లతో స్నానం చేసి ఇంటికి వచ్చేవాడు. రాజమల్లును కాల్చిన కట్టెలు కూడా ఆయన కోసినవే. అయినా వాడ మాకు దూరం జరిగింది. దానికి పీనుగుల మిషిన్ అని పేరు పెట్టారు. మా వాకిట్లో నల్లా నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు పక్క వాడకు బిందెలు మోసుకుపోయారు.

మే పదిహేను, శనివారం. అందరి ఫోన్లలో ఒకటే వార్త, తుఫాను వస్తోందని. తౌక్తేనో తౌతేనో, ఆ పేరు ఎవరి నోటికీ తిరగలేదు. మధ్యాహ్నానికి మా గుమ్మం ముందు వరస కట్టారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్నే కదా!

ఆయన గడప మీద కూర్చుని గుండ్రటి ఆకురాయితో మిషిన్ గొలుసు పళ్లకు పదును పెడుతున్నాడు. మొదట నోరు తెరిచింది ఎదురింటి ఆగయ్య.

"రాజన్నా, మా రేకుల మీద మునగ కొమ్మ ఉన్నది. జర చూస్తవా?"

నాకు ఒళ్లు మండింది. "పీనుగుల మిషిన్ గద ఆగన్నా! మీ మునగచెట్టుకు మైల అంటదా ఏంది?"

మా ఆయన నవ్వాడు. "ఊకోవే. గాలి వచ్చినప్పుడు గివన్ని లెక్క పెడ్తదా?"

పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసుకుని, ఆ సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా వాడలో ప్రతి ఇంటి మీది కొమ్మా కొట్టాడు. రేకులకు నైలాన్ తాళ్లు కట్టాడు. ఇసుక సంచులు ఎక్కించాడు. నేను ఆధార్ కార్డులూ రేషన్ కార్డూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి, డ్రమ్ములన్నీ నింపి, మూడు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు చేసిపెట్టాను. మా బిడ్డ రుచిత అందరి ఫోన్లూ చార్జింగ్ పెట్టే పని మీదేసుకుంది.

వాడ మొత్తానికి జనరేటర్ ఒక్కటే, అన్న ఖాతాలోది. ఏడాదిగా మూలన పడి ఉంది. మా ఆయన ప్లగ్గు విప్పి గీకి, కార్బురేటర్ కడిగి, తాడు గుంజడం మొదలుపెట్టాడు. పదిసార్లు గుంజితే పదకొండోసారి దగ్గి, పొగ కక్కి, లేచింది. వాడంతా చప్పట్లు కొట్టింది. కరెంటు పోతే నీళ్ల మోటారుకూ, ఇంటికో బల్బుకూ సరిపోతుంది.

"బావా, ఖాతా లోతట్టు, నీళ్లొస్తయి," అన్నాడు అన్న. "మీ ఇల్లు ఎత్తు మీద ఉన్నది. జనరేటర్ మీ ఇంట్ల పెట్టుకో. కని పైలం. ఇది వాడ సొత్తు అనుకో."

"నా పానం లెక్క చూసుకుంట బావా," అన్నాడు మా ఆయన. ఆయన ఆ మాట ఊరికే అనలేదు.

ఇక మిగిలింది వేపచెట్టు. మా నాన్నలు సూరత్ వచ్చిన కొత్తలో వాడ మధ్యలో నాటి, దాని కింద పోశమ్మ రాయి నిలిపారు. ముప్పై ఏళ్లకు అది రెండు పెద్ద కొమ్మలు చాచింది. ఒకటి అన్న ఖాతా రేకుల మీదికి, ఇంకొకటి మా ఇంటి మీదికి. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నే ఎత్తాడు.

"బావా, ఖాతా మీది కొమ్మ సంగతేంది? కొత్త బీములు ఎక్కించిన. విరిగి పడ్డదంటే ఆరు సాంచాలు మట్టి."

"అమ్మ చెట్టు బావా. నేను ముట్ట." ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "కొడితే రెండు దిక్కుల కొట్టాలె. మీ దిక్కే కొడితే బరువంత గిటు పడ్తది. గాలికి చెట్టు మా ఇంటి మీదికి ఒరుగుతది. లేకుంటే అసలే ముట్టొద్దు."

అన్న ఖాతా మీది కొమ్మకేసి తలెత్తి చూశాడు. "మనమెవరం బావా చెప్పతందుకు? అమ్మనే అడుగుదాం."

అమ్మను అడగడమంటే చీట్లు వేయడం. ఏ పెద్ద పనికైనా మా నాన్నల నాటి నుంచి ఉన్న రివాజు. ఒక చీటీలో 'కొట్టు', ఇంకో దానిలో 'వద్దు' అని రాస్తారు. వాడలో అందరికంటే పెద్దావిడ ఒకటి తీస్తుంది. రెండోదాన్ని విప్పకుండా హారతిలో కాలుస్తారు, అమ్మ మాట మీద మళ్లీ మాట ఉండకూడదని.

అన్న కాగితం చింపుతుంటే రుచిత ముందుకు వచ్చింది. "మామా, గుజరాతీల రాద్దాం. సబ్ పఢ్ సకేంగే, అందరు చదువుకుంటరు. నేను రాయనా?"

"పోశమ్మకు గుజరాతీ వస్తదా బిడ్డా?" అన్నాడు అన్న. "అమ్మ మనోళ్ల వెంట సిరిసిల్ల నుంచి వచ్చిందాయె!"

వాడంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని ఫోన్ల దగ్గరికి పోయింది.

ముసలి వెంకటవ్వ ఒక చీటీ తీసి అన్నకు ఇచ్చింది. అన్న మాస్కు గడ్డం కిందికి లాక్కుని, చీటీ విప్పి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చూశాడు.

"కొట్టుమన్నది," అన్నాడు.

అందరూ చేతులెత్తి మొక్కారు. అన్న రెండో చీటీని అప్పుడే హారతిలో పడేశాడు.

"మా దిక్కు కొమ్మ గూడ అడుగు బావా," అన్నాడు మా ఆయన.

"అమ్మ ఒక్క కొమ్మకు సెలవిచ్చింది. ఇంక అడిగితే ఆశ అయితది. గాలి లేస్తున్నది, జల్ది కానీయి."

మా ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నేను వద్దంటే ఆగేవాడు. "అమ్మే చెప్పినంక ఏమైతది? పో," అన్నాను నేను.

నేను అన్న చేతిలో చీటీ అందుకోబోతే అన్న వెంటనే వదల్లేదు. "అది అమ్మ పాదాల కాడ ఉండాలె చెల్లె."

"పని అయినంక పెడత," అని లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, మా ఆయన చొక్కా జేబులో దోపాను. అమ్మ మాట గుండె మీద ఉంటే భయం ఉండదని.

ఎంత బాగా కొట్టాడని! తాడు కట్టి, ముక్క ముక్కగా కోసి, ఒక్కొక్కటే కిందికి దించాడు. అన్న రేకుల మీద ఒక్క పుల్ల పడనీయలేదు. వెంకటవ్వ కింద కూర్చుని చివరిదాకా అమ్మా అమ్మా అంటూనే ఉంది. చెట్టు ఒక చెయ్యి తెగిన మనిషిలా, మా ఇంటి వైపు వంగి నిలబడింది.

సోమవారమంతా వాన. సాయంత్రానికి కరెంటు పోయింది, జనరేటర్ నడిచింది. మంగళవారం పొద్దున టీ పెడుతుంటే గాలి తీరు మారింది. ఇంటి వెనక నేలలో ఏదో పటపటమంది. మా ఆయన కప్పు కింద పెట్టి చెవి ఒగ్గాడు.

"చెట్టు ఏర్లు లేస్తున్నయి. ఉరుకుండ్రి, ఖాతాలకు పోండ్రి!"

నేనూ రుచితా చేతులు పట్టుకుని పరుగెత్తాం. సగం దూరం పోయి వెనక్కి చూస్తే ఆయన మా వెంట లేడు. గుమ్మంలో వంగి జనరేటర్‌ను బయటికి లాగుతున్నాడు. "ఒదిలిపెట్టు! దాన్ని ఒదిలిపెట్టు!" అని అరిచాను. గాలిలో నా గొంతు నాకే వినపడలేదు. చెట్టు నెమ్మదిగా, మనిషి నడుం వాల్చినట్టు మా ఇంటి మీద వాలింది. రేకులు, దూలం, గోడ, అన్నీ ఒక్కసారే కూలాయి.

ఆయన మనిషి బయటే పడ్డాడు. కుడిచెయ్యి మాత్రం గోడకూ జనరేటర్‌కూ మధ్య నలిగింది.

అన్న వానలో పరుగెత్తి వచ్చాడు. "జనరేటర్ ఏమైంది?" అన్నాడు. నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. రెండోసారి కూడా అదే అడిగాడు.

ఆసుపత్రిలో చూపుడువేలూ, దాని పక్క వేలూ తీసేశారు. నెత్తురు మరకల చొక్కా కత్తిరించి నా చేతిలో పెట్టారు. ఉతుకుదామని జేబు చూస్తే చీటీ ఉంది. కాగితం మెత్తబడింది గానీ బాల్‌పెన్ రాత చెరగలేదు. కళ్లకద్దుకుని ఫోన్ కవర్లో దాచుకున్నాను. పాదాల దగ్గర పెట్టాలన్న మాట ఆ గోలలో మరిచేపోయాను.

నెల తిరిగేసరికి అన్న ఖాతాలో ఆరు సాంచాలూ నడుస్తున్నాయి, కొత్త జాబర్ వచ్చాడు. మేము రైలుగేటు అవతల ఒక గది కిరాయికి తీసుకున్నాం. వాడలో ఒకటే గుసగుస. అమ్మ సెలవిచ్చిన మనిషి ఇంటి మీదే అమ్మ చెట్టు ఎట్లా పడిందని. కూలిన వేపచెట్టు మొద్దు దగ్గర అందరూ కూర్చున్నప్పుడు ఆగయ్య ఆ మాట పైకే అడిగాడు. జవాబు చెప్పింది మా అన్న.

"కొట్టుమన్నది నిజమే. కని పీనుగుల మిషిన్‌తోని కొట్టుమన్నదా? ఏ చెయ్యి పట్టిందో ఆ చేతి వేళ్లే తీసుకున్నది తల్లి. చూస్తలేరా?"

ఆ మిషిన్‌తో కొమ్మలు కొట్టించుకున్న ఇళ్లవాళ్లే తలలూపారు. ఈ ఆషాఢంలో మా ఇంటి నుంచి బోనం రావద్దని తీర్మానం చేశారు. మా ఆయన కట్టు కట్టిన చేతిని తువ్వాల కింద దాచుకుని లేచాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ మా అన్న లాంటిదాన్నే అవుతాను. నేను కూడా నమ్మాను. ఇంటికి వచ్చి ఆయన మొహం మీదే అన్నాను, "ఆ దరిద్రపు మిషిన్ కొనకుంటే గిదంత కాకపోవు గద" అని. ఆయన మిషిన్‌ను గోనెసంచిలో చుట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేసి వచ్చాడు. ఆ రోజు నుంచి పోశమ్మ పేరెత్తితే లేచి బయటికి పోయేవాడు. పడుగు పోగు ముడి వేయలేని చేత్తో సచిన్ అనే ఊళ్లో ఒక గోదాముకు వాచ్‌మన్‌గా కుదిరాడు.

నేను చీరలకు ఫాల్స్ కుట్టి ఉధ్నా రైల్వే క్వార్టర్స్‌లో ఇచ్చి వస్తుండేదాన్ని. అక్కడ ప్రవల్లిక అని ఒకావిడ ఉంది. వాళ్లాయన రైల్వేలో గుమాస్తా, రాజమండ్రి వైపు వాళ్లు. జూలై చివర్లో ఒకరోజు చీరలు అప్పగించి ఫోన్ తీస్తుంటే కవర్లోంచి చీటీ జారి పడింది. ఆవిడ వంగి తీసింది.

"వద్దు," అని చదివింది. "ఏంటిది లక్ష్మిగారూ? దేన్ని వద్దన్నారు?"

నేను నవ్వాను. "వద్దు కాదమ్మా, కొట్టు. కొట్టు అని ఉన్నది."

"లేదండీ. 'వద్దు' అనే ఉంది. చూడండి, రెండే అక్షరాలు."

మూడుసార్లు చదివించాను. ఆవిడకు విసుగు రాలేదు. ఏది 'వ'నో, ఏది 'ద్దు'నో వేలు పెట్టి చూపించమన్నాను. ఇంకో కాగితం మీద పెద్దగా రాయించుకున్నాను. ఆటో ఎక్కకుండా భేస్తాన్ దాకా నడిచే వచ్చాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో దారి పొడుగునా నాకు తెలిసివచ్చింది. అన్నకు అమ్మవారంటే నమ్మకం లేదా అంటే అదీ కాదు. ప్రతి మంగళవారం దీపం పెట్టేవాడు. అమ్మ వద్దన్నదని తెలిసే నా మొగుణ్ని చెట్టెక్కించాడు. చెట్టు ఎటు ఒరుగుతుందో తెలిసే ఎక్కించాడు. మమ్మల్ని కాపాడుకుందామని అమ్మ నోరు తెరిస్తే, ఆ మాట మా దాకా రానివ్వలేదు.

ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను. చీటీని ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అంటే అమ్మకు నా మీద కోపం లేనట్టే గద?" అన్నాడు.

రెండు నెలలుగా ఆ మనిషి మోస్తున్నది అదన్నమాట. నేను తలకొట్టుకుని ఏడ్చాను.

మా కులానికి నూలు పున్నమి పెద్ద పండుగ. మగవాళ్లు కొత్త జంధ్యాలు వేసుకుంటారు, ఆడపడుచులు అన్నదమ్ములకు రాఖీ కడతారు. ఆగస్టులో ఆ రోజు రాఖీ తీసుకుని వాడలోకి పోయాను. మా ఆయన వాడ మొదట్లోనే ఆగిపోయాడు. పోశమ్మ రాయి దగ్గర కుర్చీలో అన్న, చుట్టూ వాడ. నన్ను చూసి అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చినవా చెల్లె!"

బొట్టు పెట్టి, రాఖీ కట్టి, మూడు ముళ్లు వేశాను. నోట్లో మిఠాయి పెట్టాను. తర్వాత చీటీ తీసి అన్న చేతిలో పెట్టాను.

"అన్నా, గిది ఇంకొక్కసారి చదువు. అందరు ఇన్నట్టు."

నిజం చెబుతున్నాను, అవకాశం ఇద్దామనే పోయాను. 'సాంచాల మీద ఆశతోని తప్పు చేసిన, చెల్లె' అని ఒక్క మాట అని ఉంటే, అక్కడే ఆయన భుజం మీద పడి ఏడ్చి ఊరుకునేదాన్ని. అన్న చీటీ చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడే అర్థమైపోయింది నాకు.

"కొట్టు అని ఉన్నది," అన్నాడు. "ఆనాడు చదివిందే."

నేను చీటీ మీద వేలు పెట్టాను. "ఇది వ. ఇది ద్దు. నాకు రెండే అక్షరాలు వచ్చన్నా."

అన్న ఒక్క క్షణం నావైపు చూసి, వాడవైపు తిరిగి నవ్వాడు. "ఇన్నరా? కండెలు చుట్టిన నా చెల్లెకు చదువొచ్చిందట!"

ఆగయ్య నవ్వాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ నవ్వారు. ఆనాడు నా బిడ్డను చూసి మేమంతా ఎలా నవ్వామో, అచ్చం అలాగే. నవ్వనిది వెంకటవ్వ ఒక్కతే. చీటీ తీసిన తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

అన్న చెయ్యి ఇంకా నా ముందే చాచి ఉంది. నేను వేసిన మూడు ముళ్లూ నేనే ఒక్కొక్కటీ విప్పాను. మొదటి ముడికే నవ్వులు ఆగిపోయాయి. రాఖీని చీటీకి చుట్టి, వంగి, పోశమ్మ పాదాల దగ్గర పెట్టాను.

"పని అయినంక పెడత అని చెప్పిన గదా అన్నా," అన్నాను. "అయిపోయింది."